ఖాళీగా వచ్చిన పై సగం

పంజాగుట్ట,
19 జూలై 1999

డాక్టర్ సుకన్య గారికి,

మొన్న మీ సత్తెమ్మ ఇచ్చి వెళ్ళిన సీసా అందింది. సీసాలో చర్మం ముక్క ఉంది, ఫార్మలిన్ ఉంది, మూత కూడా గట్టిగానే బిగించారు. సంతోషం. సీసాకు రబ్బరు బ్యాండుతో చుట్టిన ఫారమే నాకు అర్థం కాలేదు. "మంజూష, 23, ఎడమ మోచెయ్యి, మచ్చ." అంతే. మిగతా పై సగమంతా తెల్లగా ఉంది.

ఆ ఫారంలో పై సగం రోగిని చూసిన డాక్టరుది. కింది సగం మైక్రోస్కోపులో చూసే నాది. ఈ సంగతి మీకు నేను చెప్పాలా? 1992లో నా బల్ల దగ్గర కూర్చుని ఆ ఫారం తయారుచేసింది మనిద్దరమే. "మచ్చ మీద స్పర్శ ఉందా?" అన్న గడి మీరు పట్టుబట్టి పెట్టించిందే. ఇప్పుడు ఆ గడిలో చిన్న గీత కూడా లేదు. ఏంటిది? సీసా చూసి జాతకం చెప్పడానికి నేనేమన్నా చిలక జోస్యం చెప్పుకునేదాన్నా?

మీ అమీర్‌పేట క్లినిక్కు మెట్ల మీద దాకా హాస్టలు పిల్లలు మొటిమలతో, చుండ్రుతో క్యూ కట్టి ఉంటారట. రాసే తీరిక ఎక్కడుంటుంది లెండి.

మీరు పంపింది చూశాను. చర్మం లోపల కణాలు గుంపులు గుంపులుగా చేరి ఉన్నాయి. చర్మ క్షయ అనుకుంటున్నాను. రిపోర్టు జతచేశాను.

అరుణాదేవి


అమీర్‌పేట,
22 జూలై 1999

డాక్టర్ అరుణాదేవి గారికి,

రిపోర్టు అందింది. దానితోపాటు వచ్చిన తిట్లు కూడా అందాయి. తిట్లకు విడిగా ఫీజు వేయనందుకు కృతజ్ఞతలు.

"ముందు గాజు పలక మీద ఉన్నది చదువు, కాగితం మీద కథలు తర్వాత. కథ ముందే వింటే కన్ను చెడిపోతుంది." ఈ మాట ఎవరిదో గుర్తుందా? ఏడేళ్ళు మీ మైక్రోస్కోపుకున్న రెండో కంటిగొట్టం దగ్గర కూర్చుని రోజూ విన్నాను. మీ కన్ను చెడిపోకుండా ఉండాలనే పై సగం ఖాళీగా పంపాను. అందులో నా తప్పేముంది?

అవును, మెట్ల మీద దాకా జనం ఉంటారు. రోజుకు డెబ్భై మంది. మీ దగ్గర ఉన్న ఏడేళ్ళలో ఎన్ని వేల రిపోర్టులు రాశానో మీకు తెలుసు. ఒక్కదాని కిందనైనా నా సంతకం ఉందా? డాక్టర్ల సభలో, అంత మంది ముందు నన్ను చూపించి "మా ల్యాబ్ అమ్మాయి" అన్నారు. నేనూ ఎండీ చదివినదాన్నే. ఆ రోజే అనుకున్నాను, మొటిమలకు మందు రాసుకుని బతికినా నా పేరుతో బతుకుతానని.

ఇంకా మీకే ఎందుకు పంపుతున్నానని అడగకండి. ఈ ఊళ్ళో చర్మం చదవగలిగిన కళ్ళు ఇంకెవరికీ లేవు. అది మీ మీద ప్రేమ కాదు.

మంజూషది తణుకు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ ఇక్కడ జావా నేర్చుకుంటోంది. ఏడాది చివరికల్లా ఉద్యోగం రాకపోతే ఇంటికి వచ్చేయమన్నారట. రేపటి నుంచి క్షయ మందులు మొదలుపెడుతున్నాను.

సుకన్య


పంజాగుట్ట,
26 జూలై 1999

డాక్టర్ సుకన్య గారికి,

ఆ మాట నాదే. "కథలు తర్వాత" అన్నాను. అసలు కథే వద్దనలేదు. మీకు నచ్చిన సగం గుర్తుపెట్టుకుని, నచ్చని సగం మరిచిపోవడం మీకు మొదటి నుంచీ అలవాటే.

సభలో అన్న మాట సంగతి రెండేళ్ళయినా వదలరా? ఆ రోజు సాయంత్రం నేను ఫోన్ చేస్తే ఠపీమని పెట్టేసింది ఎవరు? పోతూ పోతూ పదిహేనేళ్ళుగా నా దగ్గరున్న సత్తెమ్మను కూడా వెంటబెట్టుకు పోయారు. ఇప్పుడు ఆవిడ సీసాలూ ఉత్తరాలూ మోస్తూ నాకే నీతులు చెబుతోంది: "రెండు స్టాపుల దూరం లేదు, నడుమల నన్ను సంపుతుండ్రు. గా ఫోన్ల మాట్లాడుకుంటే మీ ఇద్దరి సొమ్మేం బోతది?" అని. నా సొమ్మేం పోదు. ఫోన్ పెట్టేసినవాళ్ళే ఎత్తాలి.

ఇకమీదట ఫారం ఖాళీగా వస్తే సీసా ముట్టుకోను. అలాగే తిప్పి పంపుతాను.

అరుణాదేవి


అమీర్‌పేట,
15 నవంబరు 1999

డాక్టర్ అరుణాదేవి గారికి,

మంజూష గుర్తుందా? మీరు చర్మ క్షయ అని రాసిన అమ్మాయి.

పోయిన నెల మచ్చ కాస్త పలచబడింది. మీ రిపోర్టు నిజమేననుకున్నాను. మొన్న శనివారం క్లినిక్కుకు వచ్చింది. వానలో తడిసి వచ్చిందని సత్తెమ్మ చాయ్ ఇచ్చింది. ఈ పిల్ల ఆ గ్లాసు ఎడమ అరచేతిలో పట్టుకుని నాతో మాట్లాడుతూ కూర్చుంది. సత్తెమ్మ గబుక్కున వచ్చి గ్లాసు లాక్కుంది. "అమ్మా, గా గ్లాసు నేనే పట్టలేక కొంగుతోని పట్టుకొచ్చిన. గీ పిల్లకు సోయే లేదు, జర సూడుండ్రి!" అంది. చిటికెన వేలు వైపు అరచెయ్యి ఎర్రగా కమిలి ఉంది. ఆమెకు తెలియనే తెలియలేదు.

అప్పుడు చెప్పింది. "నెల రోజుల నుంచి కీబోర్డు మీద ఎ అక్షరం పడట్లేదండి. కీబోర్డే పాడైందనుకుని పక్క సిస్టమ్‌కి మారాను. అక్కడా పడలేదు." ఎ నొక్కేది ఎడమ చిటికెన వేలు. ఆ వేలు అప్పటికే వంగి ఉంది. మోచేతి వెనక నరం తాడులా లావెక్కి చేతికి తగిలింది.

ఇది కుష్ఠు. క్షయ మందుల్లో ఒకటి కుష్ఠుకూ పనిచేస్తుంది కనుక మచ్చ తగ్గినట్టు కనిపించి నన్ను మోసం చేసింది. లోపల నరం మాత్రం పోతూనే ఉంది. నాలుగు నెలలు, మేడమ్! నాలుగు నెలలు ఆమె చేత తప్పు మందులు మింగించింది మీ రిపోర్టు. ఈ ఊళ్ళో చర్మం చదవగలిగిన కళ్ళు అన్నానే, ఆ మాట వెనక్కు తీసుకుంటున్నాను.

సుకన్య


పంజాగుట్ట,
18 నవంబరు 1999

సుకన్యా,

ఉత్తరం అందగానే అల్మారాలోంచి ఆ అమ్మాయి ముక్క ఉన్న మైనం దిమ్మ తీయించాను. ముక్కలు కోసే మన సూర్యనారాయణను దాన్ని మళ్ళీ పలచటి ముక్కలుగా కోయమన్నాను. నా బల్ల దగ్గరే నిలబెట్టి ఒక్కో పలకా చూశాను. మొదటివాటితో కలిపి ఎనిమిదో ముక్కలో నరం దొరికింది. కణాల గుంపు దాని చుట్టూ చేరి, లోపలికి దూరి తినేసింది. క్షయ నరాన్ని ఇలా తినదు. నువ్వన్నది నిజమే. మొదటి ముక్కల్లో అది లేదు.

ఇక తిట్లు తర్వాత, ముందు చెయ్యి చూడు. నరం పడిపోయి ఆరు నెలలు దాటకపోతే తిరిగి రావచ్చు. కుష్ఠు మందులతో పాటు నరం వాపుకు స్టెరాయిడ్ మాత్రలు ఈరోజే మొదలుపెట్టు, రేపనకు. రాత్రిళ్ళు వేళ్ళు చాపి ఉంచే చెక్క కట్టించు.

ఒక్కటి అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఆ మచ్చను చూసిన మొదటి రోజు దాని మీద దూది పోగుతో తాకి చూశావా? కళ్ళు మూయించి, ఎక్కడ తాకానో వేలితో చూపించమన్నావా? చూసి ఉంటే నీకు నా రిపోర్టే అక్కర్లేదు. ముక్క కోయనక్కరే లేదు. ఫారంలో ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో నాకు ఇప్పుడు తెలియాలి.

అరుణాదేవి


అమీర్‌పేట,
20 నవంబరు 1999

డాక్టర్ అరుణాదేవి గారికి,

మందులు మీ ఉత్తరం రాకముందే మొదలుపెట్టాను. చెక్క కూడా కట్టించాను. అది నాకు మీరు నేర్పనక్కర్లేదు.

దూది పోగు సంగతి అడిగారు. తాకి చూశాను. అప్పుడు స్పర్శ ఉంది. తర్వాతే పోయింది. ఫారంలో రాయకపోవడానికి కారణం ఇంతకుముందే చెప్పాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, మైక్రోస్కోపులో కనబడకపోతే తప్పు దూదిదా?

మీకు తెలియంది ఒకటుంది. డిసెంబరు రెండో వారంలో మంజూషకు మాదాపూర్‌లో ఒక కంపెనీ పరీక్ష. రెండు గంటల్లో ప్రోగ్రామ్ రాసి చూపించాలి. ఇప్పుడు ఎ పడాల్సిన ప్రతిచోటా కుడి చెయ్యి తెచ్చి నొక్కుతోంది. కుష్ఠు అని హాస్టలు ఆంటీకి తెలిస్తే అదే పూట సామాను వీధిలో పడేస్తుందని ఏడ్చింది. మందుల అట్టల మీద పేర్లు బ్లేడుతో గీకించి ఇచ్చాను. మీకు మాత్రం దూది పోగు కావాలి.

ఆమెనే మీ దగ్గరికి పంపుతున్నాను. వేరే చోట చూపించుకుంటానంటోంది. పలకలు ఇచ్చేయండి.

సుకన్య


పంజాగుట్ట,
29 నవంబరు 1999

సుకన్యా,

మంజూష వచ్చింది. చీరల షాపు పక్క మెట్లెక్కి, చున్నీ కింద ఎడమ చెయ్యి దాచుకుని వచ్చింది. పలకలు ఇచ్చాను. రెండో కంటిగొట్టం దగ్గర కూర్చోబెట్టి ఆమె నరాన్ని ఆమెకే చూపించాను. "ఇంత చిన్నదా అండీ?" అంది.

నేనే దూది పోగు తీసుకుని చెయ్యంతా తాకి చూశాను. కళ్ళు మూసుకుని "ఎప్పుడు మొదలుపెడతారండీ?" అంది. అప్పటికే నాలుగుసార్లు తాకాను. ఇలా జులైలో ఎవరైనా చేశారా అని అడిగాను. "లేదండి. అప్పుడు చాలా రష్‌గా ఉంది. మేడమ్ గారు దూరం నుంచి చూసి ముక్క తీయమన్నారు. మచ్చ రాకముందు నుంచే అక్కడ గిచ్చినా తెలిసేది కాదు. నన్నెవరూ అడగలేదు" అంది.

స్పర్శ అప్పుడు ఉందని నాకు రాశావు. అబద్ధం రాశావు. నా కన్ను చెడకూడదని ఖాళీ ఉంచానన్నావు, అదీ అబద్ధమే. ఆ గడిలో రాయడానికి నీ దగ్గర ఏమీ లేదు. తప్పు చేస్తే చేశావు, తప్పు అందరం చేస్తాం. కాగితం మీద అబద్ధం రాయడం నేను నీకెప్పుడు నేర్పాను? నాకు అసహ్యం వేసింది.

అరుణాదేవి


అమీర్‌పేట,
4 డిసెంబరు 1999

డాక్టర్ అరుణాదేవి గారికి,

అసహ్యం వేసిందా? గురివింద గింజ తన కింద నలుపెరగదట.

"మొదటి ముక్కల్లో అది లేదు" అని రాశారు. ఎన్ని ముక్కలో రాయలేదు. కణాల గుంపులు కనబడితే చాలు, నరం కోసం పది ముక్కలైనా కోసి చూడందే రిపోర్టు రాయకూడదన్నది మీ నియమం. ఏడేళ్ళలో ఒక్కసారి నేను తొమ్మిది కోయిస్తే పలకల ట్రే నా ముందే బోర్లించారు. మరి పది కోసి ఉంటే ఎనిమిదో దానిలో ఉన్న నరం జులైలోనే మీకెందుకు కనబడలేదని రెండు రోజులు ఆలోచించాను.

నిన్న సత్తెమ్మను అడిగాను. ముందు మాట దాటేసింది. గట్టిగా అడిగితే చెప్పింది. "సూర్యనారాయణ సార్ ఎప్పుడో చెప్పిండమ్మా, లొల్లెందుకని నేనే దాసిన. సుకన్యమ్మ సీసాలకు మూడు ముక్కలు చాలన్నదట మేడమ్. కడమ డాక్టర్లందరికి పది."

మూడు! నా సీసాలకు మూడు. రెండేళ్ళుగా. ఆ సీసాల్లో ఉన్నది నా చర్మం కాదు మేడమ్. అత్త మీద కోపం దుత్త మీద చూపించారు. నా మీద కోపంతో ఎంతమంది నరాలను ఏడు ముక్కల అవతల వదిలేశారో మీకైనా తెలుసా?

ఇక నా సీసాలు మీకు రావు. మీ ఉత్తరాలు కూడా నాకు అక్కర్లేదు.

సుకన్య


పంజాగుట్ట,
7 ఫిబ్రవరి 2000

సుకన్యా,

ఉత్తరాలు అక్కర్లేదన్నావు. అయినా రాస్తున్నాను, చదవకపోతే నీ ఇష్టం.

రెండు నెలలుగా ఒకే పని చేశాను. నువ్వు వెళ్ళినప్పటి నుంచి నీ క్లినిక్కు నుంచి వచ్చిన దిమ్మలన్నీ, నూట పద్నాలుగు, అల్మారాలోంచి తీయించి ఒక్కోదానికి పది ముక్కలూ కోయించాను. సూర్యనారాయణ మొహం చిట్లించినా వినలేదు. నూట పదకొండింటిలో నా మొదటి రిపోర్టు నిలబడింది. రెండింటిలో చిన్న తేడాలున్నాయి, మందు మారేదేమీ కాదు, కాగితాలు జతచేశాను. మిగిలింది మంజూషది.

మూడు ముక్కలు చాలన్నది నిజం. నువ్వు వెళ్ళిన వారానికే అన్నాను. "వాళ్ళ మొటిమల సీసాలకు మూడు చాలు" అన్నాను, ఈ మాటలే. కోపం తగ్గాక ఆ మాట వెనక్కు తీసుకోవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఎందుకంటే కోపం తగ్గలేదు. నా రెండో కంటిగొట్టం ఖాళీగా ఉంది, అక్కడ కూర్చున్న మనిషి మొటిమలు చూసుకుంటోంది, ఇది నాకు మింగుడు పడలేదు. ఇప్పుడూ పడటం లేదు. నిన్ను క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. నువ్వు అడిగినా నేను క్షమించను.

మంజూష జనవరిలో ఒకసారి వచ్చింది. "ఎవరి పొరపాటండీ? సుకన్య మేడమ్‌ని అడిగితే రిపోర్టు అంటారు. మీరు దూది పరీక్ష అంటారు. నేను ఏది నమ్మాలి?" అంది. నా దగ్గర జవాబు ఉంది, చెప్పకుండానే పంపేశాను.

ఆ రోజు ఫారం అసలు కాగితం దీనితో పంపుతున్నాను. కింది సగంలో నా పాత రిపోర్టు అలాగే ఉంచి, దాని కింద ఎర్ర ఇంకుతో తెలుగులో రాశాను: "నియమం ప్రకారం పది ముక్కలు కోయాలి. మూడే కోయించాను. పంపిన డాక్టరు మీద కోపంతో. ఈ రిపోర్టు తప్పు, తప్పు నాది." తేదీ వేసి సంతకం పెట్టాను. ఇది నా అల్మారాలోకి తిరిగి రాకూడదు. మంజూష చేతికి వెళ్ళాలి.

పై సగం ఇంకా తెల్లగానే ఉంది. అది నాది కాదు.

అరుణాదేవి


అమీర్‌పేట,
3 మార్చి 2000

మేడమ్,

మీ ఉత్తరం మూడు వారాలు సొరుగులో పెట్టాను. చించేద్దామని రెండుసార్లు తీశాను. సత్తెమ్మ ఊరుకోలేదు. "గా మేడమ్ ఉన్నదున్నట్టు రాసి పంపింది, మీకేం బీమారొచ్చింది?" అని నలుగురు పేషెంట్ల ముందే అడిగింది.

నిన్న పై సగం నింపాను. మచ్చ ఎక్కడ: ఎడమ మోచెయ్యి. ఎన్నాళ్ళుగా: అడగలేదు. స్పర్శ ఉందా: పరీక్షించలేదు. నరం లావెక్కిందా: చూడలేదు. మీ అనుమానం ఏమిటి: ఆలోచించలేదు. ఆ గడులు ఎంత చిన్నవో నింపుతుంటే తెలిసింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. జులైలో ఆ ఐదు నిమిషాలు లేవని అనుకున్నాను. మీకు రాసింది అబద్ధమని కూడా కింద రాశాను. ఒక్క మాటకు మాత్రం నేను మీకు క్షమాపణ చెప్పను. "ల్యాబ్ అమ్మాయి" అన్నది మీరే.

సాయంత్రం మంజూష వచ్చింది. డిసెంబరు పరీక్ష తప్పింది. రెండు గంటల్లో సగం ప్రోగ్రామే రాయగలిగింది. తణుకు నుంచి వచ్చేయమని రోజూ ఫోన్లు. అయినా బ్యాచ్ మళ్ళీ మొదటి నుంచి చేస్తోంది. అరచేతిలో స్పర్శ కొద్దికొద్దిగా వస్తోంది. గ్లాసు వేడిగా ఉంటే ఇప్పుడు తెలుస్తోంది. చిటికెన వేలు మాత్రం వంగే ఉంది. అది పూర్తిగా తిరిగి రాదనుకుంటున్నాను.

తలుపు వేసి, ఫారం ఆమె చేతిలో పెట్టాను. కుర్చీలో కూర్చుని రెండు సగాలూ చదివింది. పైది ఒకసారి, కిందది ఒకసారి, మళ్ళీ పైది. తిడుతుందనుకున్నాను. కాగితం ముఖాన విసిరినా పడదామనుకున్నాను. ఆమె కాగితం ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అంది:

"ఇందులో అంతా మీ ఇద్దరి గురించే ఉందండి. మీకు ఆవిడ మీద కోపం, ఆవిడకు మీ మీద కోపం. నా గురించి ఎక్కడుంది?"

నేను "మంజూష, 23" అన్న అక్షరాలు చూపించాను. చూపించాక సిగ్గేసింది. ఆమె ఫారం నాలుగు మడతలు పెట్టి, వంగిన వేలు అడ్డం వస్తుంటే కుడి చేత్తో సర్దుకుని, బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మనం ఎనిమిది నెలల్లో ఎన్ని ఉత్తరాలు రాసుకున్నాం మేడమ్. ఆ పిల్లకు ఒక్కటీ రాయలేదు. నేను ఇవాళ పొద్దున రాసి పోస్టు చేశాను. ఇక మీ వంతు. నాకు జవాబు రాయకండి, ఆమెకు రాయండి. ఆమె పేరు, హాస్టలు అడ్రసు కింద ఉన్నాయి. మీ ల్యాబ్ పేరు అచ్చేసిన కవరు మాత్రం వాడకండి. అక్కడ ఉత్తరాలన్నీ ఆంటీయే ముందు తీసుకుంటుంది.

సుకన్య

మంజూష,
రూమ్ నెంబరు 9, రెండో అంతస్తు, లేడీస్ హాస్టల్,
వాటర్ ట్యాంకు వెనక వీధి, ఎస్.ఆర్. నగర్, హైదరాబాద్.